ధనుర్మాసంలో చాక్లెట్, కాసేపు వీణ, ఆలోచించి ఇచ్చే కానుక

డిసెంబరు మధ్యలో ధనుర్మాసం పట్టిన దగ్గర్నుంచి కనుమ వెళ్లేదాకా ఉండే రోజులంటే నాకు ప్రాణం. మధ్యలో క్రిస్మస్, ఆ వెంటనే కొత్త సంవత్సరం, చివర్లో పెద్దపండగ. ఈ నెలలో మా ఇంట్లో మంచి చాక్లెట్ తింటాం, పాటలు వింటాం, కావలసినవాళ్లకి ఏదో ఒకటి ఇస్తాం. ఇవన్నీ ఎవరైనా చేసేవే. కానీ వీటికి కాస్త టైమ్ కేటాయించి, హడావుడి లేకుండా, పక్కన నలుగుర్ని కూర్చోబెట్టుకుని చేస్తే పండగ వేరేలా ఉంటుంది, అది చెబుదామనే ఇదంతా రాస్తున్నాను. కానుకల విషయంలో నా మాట ఒక్కటే: అవతలి మనిషి నోటికి ఏది రుచో, చెవికి ఏది హాయో మనకి తెలిసుండాలి. తెలియకపోతే కనుక్కోవాలి. షాపుకి వెళ్లేముందే సగం పని అయిపోవాలి.

ముందు చాక్లెట్ సంగతి. మన కోస్తాలో చాక్లెట్ తినడానికి సరైన కాలం చలికాలమే. అసలైన చాక్లెట్‌లో ఉండేది కోకో బటర్, అంటే కోకో గింజలోంచి వచ్చే కొవ్వు. అది 34 డిగ్రీల దగ్గర కరుగుతుంది. మన ఒంటి వేడి 37 కాబట్టి నోట్లో పెట్టుకోగానే కరిగిపోతుంది, ఆ సుఖమంతా అందులోనే ఉంది. అదే మే నెలలో ఏలూరులోనో విజయవాడలోనో అయితే గది వేడే 34 దాటేస్తుంది, చాక్లెట్ కవర్లోనే ముద్దయిపోతుంది, మళ్లీ గట్టిపడ్డా ఆ నిగనిగ రాదు. డిసెంబరు, జనవరిలో ఆ బాధ లేదు. అలమరలో పెట్టినా నిక్షేపంగా ఉంటుంది, విరిస్తే టక్కుమని చప్పుడొస్తుంది. దయచేసి ఈ రెండు నెలలైనా చాక్లెట్‌ని ఫ్రిజ్‌లో పెట్టకండి. ఫ్రిజ్‌లో ఉన్న పులుసు వాసనా, ఉల్లిపాయ వాసనా అన్నీ అది పీల్చుకుంటుంది, బయటికి తీయగానే చెమ్మ పట్టి పైన పంచదార గరుకుగా తేలుతుంది. ఇంకో సంగతి, పాత చాక్లెట్ మీద ఒక్కోసారి తెల్లగా పొడిలా కనిపిస్తుంది కదా, చాలామంది బూజు అనుకుని పారేస్తారు. చాలాసార్లు అది కొవ్వు పైకి తేలి గట్టిపడటమే, తింటే ఏమీ కాదు, కాకపోతే రుచి కొంచెం తగ్గుతుంది.

మాది ఏలూరు జిల్లా మెట్ట ప్రాంతం. బయటివాళ్లకి మా వైపు అంటే పొగాకు, మామిడి, పామాయిల్ గుర్తొస్తాయి గానీ, కొబ్బరి తోటల కిందా, పామాయిల్ తోటల కిందా అంతర పంటగా కోకో ఎంత ఉందో చాలామందికి తెలియదు. దేశంలో కోకో ఎక్కువగా పండించే రాష్ట్రం ఆంధ్రప్రదేశే. మా బాబాయ్‌కి కొబ్బరి తోటలో కోకో ఉంది. మిట్టమధ్యాహ్నం కూడా ఆ తోటలో చల్లగా ఉంటుంది, కింద రాలిన ఆకులు మడమ మునిగేంత ఉంటాయి. కాయలు కొమ్మల చివర్న కాకుండా నేరుగా మొద్దుకీ, లావుపాటి కొమ్మలకీ అంటుకుని కాస్తాయి, పచ్చవీ పసుపువీ ఎర్రవీ. కాయ పగలగొడితే లోపల ముప్పై నలభై గింజలు, వాటి చుట్టూ సీతాఫలం గుజ్జులా తెల్లటి తీపి గుజ్జు. చిన్నప్పుడు మేం ఆ గుజ్జు చప్పరించి గింజలు బుట్టలో ఊసేవాళ్లం. ఆ గింజకీ చాక్లెట్‌కీ సంబంధం ఉందని అప్పుడు నమ్మబుద్ధయ్యేది కాదు, ఎందుకంటే పచ్చి గింజ కొరికితే ఒట్టి చేదూ వగరూ.

ఆ చేదు గింజ చాక్లెట్ అవ్వడంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన దశ పులియబెట్టడం. గుజ్జుతో సహా గింజల్ని వెదురు బుట్టల్లోనో చెక్కపెట్టెల్లోనో పోసి, అరిటాకులు వేసి, పైన గోనెపట్టాలు కప్పుతారు. గుజ్జులో తీపి పులుస్తుంది, లోపల వేడి పుడుతుంది, చెయ్యి పెడితే చురుక్కుమంటుంది, దగ్గర దగ్గర 50 డిగ్రీల దాకా వెళ్తుంది. ఆ వేడికీ పులుపుకీ గింజ లోపల మొలకెత్తే శక్తి చచ్చిపోయి, తర్వాత చాక్లెట్ వాసనగా మారే సరుకంతా అక్కడే తయారవుతుంది. ఐదారు రోజులు, మధ్యమధ్యలో తిరగెయ్యాలి. తర్వాత ఎండబెట్టాలి. ఇక్కడ తొందరపడి సరిగ్గా పులియని గింజ పంపితే, ఆ తర్వాత ఫ్యాక్టరీలో ఎంత వేయించినా ఎంత రుబ్బినా మంచి చాక్లెట్ రాదు. అంటే చాక్లెట్ రుచి సగం మన తోటలోనే తేలిపోతుంది. ఈ మాట అనుకున్నప్పుడల్లా నాకు ఛాతీ ఉప్పొంగుతుంది.

ఇదివరకు ఈ గింజలన్నీ బస్తాల్లో వెళ్లిపోయేవి, ఎటు వెళ్లాయో ఏమయ్యాయో తెలిసేది కాదు. ఇప్పుడు మన గింజతో మన దగ్గరే చాక్లెట్ చేసేవాళ్లు వచ్చారు. 'మనం చాక్లెట్' అనే కంపెనీ వాళ్లు 2023లో హైదరాబాద్ బంజారాహిల్స్‌లో కార్ఖానా తెరిచారు, పశ్చిమ గోదావరి కోకోతో చేస్తారు, తయారీ అంతా అద్దాల వెనక కళ్లారా చూడొచ్చు. 2024లో టైమ్ పత్రిక ప్రపంచంలో చూడదగ్గ గొప్ప చోట్ల జాబితాలో దాన్ని చేర్చింది. నాకు వాళ్లతో ఏ సంబంధమూ లేదు, డబ్బు పెట్టి కొనుక్కునేదాన్నే. మా ఉమ్మడి జిల్లా పేరు చాక్లెట్ అట్ట మీద చూసుకోవడం మాత్రం నాకు పెద్ద సంతోషం.

ఒక సంక్రాంతికి ఊరెళ్తూ మా బాబాయ్‌కి పంచె, కండువాతో పాటు మా వైపు గింజలతో చేసిన డార్క్ చాక్లెట్ ఒకటి పట్టుకెళ్లాను. ఏళ్ల తరబడి కోకో పండించిన మనిషి, అలాంటి చాక్లెట్ ఎప్పుడూ తినలేదు. అరుగు మీద కూర్చుని చిన్న ముక్క నోట్లో వేసుకుని చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "పులుపు తెలుస్తోంది అమ్మాయ్, కానీ ఘాటు కొట్టట్లేదు. పెట్టెలో బాగానే పులిసినట్టుంది, ఎండబెట్టడం కూడా నిదానంగా ఎండబెట్టారు" అన్నాడు. తీపి గురించి ఒక్క మాట లేదు. గింజని గింజగా గుర్తుపట్టాడు. మిగతాదంతా చిన్న చిన్న ముక్కలు చేయించి, తోటలో కాయలు కోసేవాళ్లందరికీ తలా ఒకటి పెట్టించాడు. మా పిన్నికి మాత్రం అస్సలు నచ్చలేదు, "చేదు మందులా ఉందే" అని నీళ్లు తాగింది. అందుకని మరుసటి ఏడు ఆవిడకి జీడిపప్పు వేసిన పాల చాక్లెట్ తీసుకెళ్లాను. అది పూర్తిగా ఆవిడే తినేసింది.

ఆ అరుగు మీద మాటల్లో ధర సంగతి కూడా రాకుండా ఉండదు. ప్రపంచం తినే కోకోలో సగానికి పైగా ఐవరీ కోస్ట్, ఘనా దేశాల నుంచే వస్తుంది. అక్కడ పంట దెబ్బతినడంతో 2024లో ధర ఎన్నడూ లేనంత పెరిగి, మా వైపు ఎండు గింజలు కిలో వెయ్యి రూపాయలు దాటాయి. మరుసటి ఏడాది పడిపోయింది, రైతులు గిట్టుబాటు ధర కావాలని రోడ్డెక్కారు. మన గింజతో చేసిన చాక్లెట్ కాస్త ఖరీదైనా కొనండని నేను అడిగేది ఇందుకే. పండక్కి ఒక్కటి కొన్నా చాలు.

కొనేటప్పుడు అట్ట వెనక్కి తిప్పి చదవండి. కోకో బటర్ బదులు వెజిటబుల్ ఫ్యాట్, హైడ్రోజినేటెడ్ ఫ్యాట్ అని ఉంటే అది కాంపౌండ్, నోట్లో అంత తేలిగ్గా కరగదు, అంగిట్లో మైనం పూసినట్టు ఉండిపోతుంది. పండగ గిఫ్ట్ డబ్బాల్లో పైపై మెరుపు కాగితాలు బాగానే ఉంటాయి గానీ లోపల ఉండేది చాలాసార్లు ఇదే. అంత డబ్బా బదులు మంచి చాక్లెట్ ఒక్కటి ఇస్తే మేలు. 70 శాతం అని రాసుంటే అందులో 70 వంతులు కోకో గింజ నుంచి వచ్చిన సరుకు, మిగతాది చాలావరకు పంచదార. కొత్తవాళ్లకి ఏకంగా 85 శాతం ఇవ్వొద్దు, 55, 60 దగ్గర మొదలుపెట్టాలి. తినేటప్పుడు నమలకుండా నాలుక మీద ఉంచండి. భోజనం అయ్యాక ఓ గంట ఆగి, పక్కన గోరువెచ్చని నీళ్లు పెట్టుకుని, తక్కువ శాతం నుంచి ఎక్కువ శాతానికి వెళ్లండి. ఎండు ద్రాక్ష, నారింజ, బెల్లం, కాఫీ గింజ, ఇలా ఒక్కొక్కరికి ఒక్కో వాసన గుర్తొస్తుంది. పిల్లలకి ఇది చాలా సరదా, మనకంటే వాళ్లే బాగా పట్టేస్తారు.

ఇక పాట. ఈ నెల తెల్లవారుజామున వినపడే పాటే వేరు. తిరుమలలో ధనుర్మాసం నెలంతా సుప్రభాతం బదులు తిరుప్పావై వినిపిస్తారు. రోజుకో పాశురం చొప్పున ముప్పై, గుళ్లో చెప్పించుకుని ఇంట్లో పాడుకునేవాళ్లు మా వీధిలో ఇప్పటికీ ఉన్నారు. ఊళ్లో అయితే తల మీద అక్షయపాత్ర, చేతిలో చిడతలు, భుజాన తంబుర పెట్టుకుని హరిదాసు వస్తాడు, ఆయన ఆగి మాట్లాడడు, పిల్లలు పరిగెత్తుకుంటూ గుప్పెడు బియ్యం తెచ్చి పాత్రలో పోయాలి. వెనకే సన్నాయితో గంగిరెద్దు. ఇది డబ్బిచ్చి వినే కచేరీ కాదు, ఇంటి ముందుకొచ్చిన సంగీతం. హరిదాసుకి బియ్యంతో పాటు ఒక శాలువా ఇచ్చి చూడండి, జనవరి చలికి తెల్లారకుండా తిరిగే మనిషి ఆయన.

క్రిస్మస్ ముందు రాత్రులు క్యారల్స్ వాళ్లు వస్తారు. మా వీధిలో సగం ఇళ్లు క్రైస్తవులవే, చిన్నప్పుడు అర్ధరాత్రి డోలక్ చప్పుడు వినపడగానే మేం కూడా దుప్పట్లు కప్పుకుని బయటికి వచ్చి నిలబడేవాళ్లం, మా అమ్మ వాళ్లందరికీ టీ పెట్టేది. మా ఎదురింటి టీచరుగారి దగ్గర ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం చూసినప్పుడు ఆశ్చర్యపోయాను, ప్రతి పాట మీదా రాగం, తాళం అచ్చు వేసి ఉన్నాయి. హార్మోనియం ముందు కూర్చుని ఆవిడ పాడుతుంటే, పక్కన మా తాతయ్య తొడ మీద తాళం వేసేవాడు. క్రిస్మస్‌కి వాళ్లింటి నుంచి కేకూ చక్కలూ వచ్చేవి, సంక్రాంతికి మా ఇంటి నుంచి అరిసెలూ జంతికలూ వెళ్లేవి. ఇప్పటికీ వెళ్తున్నాయి.

రాత్రి చాక్లెట్ పళ్లెం మధ్యలో పెట్టుకుని కూర్చునేటప్పుడు మాత్రం నాకు మాటల్లేని సంగీతం కావాలి. నా మొదటి ఎంపిక ఎప్పుడూ మాండొలిన్ శ్రీనివాస్. 1969లో పాలకొల్లులో పుట్టినవాడు, మా కోకో తోటలకి అంత దూరమేం కాదు. ఎక్కడి వాయిద్యమో అయిన మాండొలిన్ మీద, అదీ ఎలక్ట్రిక్ మాండొలిన్ మీద, కర్ణాటక సంగీతం గమకాలన్నీ పలికించాడు, చిన్నపిల్లాడిగా ఉన్నప్పుడే పెద్ద పెద్ద సభల్ని కూర్చోబెట్టేశాడు. 2014లో వెళ్లిపోయాడు, 45 ఏళ్లకే. ఇప్పటికీ ఆ వేగంలో ఆ స్పష్టత వింటుంటే నా చేతిలో ముక్క చేతిలోనే కరిగిపోతుంది. ఆ తర్వాత కాకినాడ చిట్టిబాబు వీణ. ఆయన గురువు ఈమని శంకరశాస్త్రి, ద్రాక్షారామంలో పుట్టిన మనిషి, ఆయన వీణా పెడతాం. గురువుదీ శిష్యుడిదీ ఒకదాని తర్వాత ఒకటి వింటే చాలా సంగతులు అర్థమవుతాయి. చిన్న ఫోన్ స్పీకర్లో వద్దు. వీణలో కింది స్థాయి నాదం ఫోన్‌లో సగం పోతుంది. ఉన్నంతలో మంచి స్పీకరు పెట్టండి.

మా ఇంట్లో ఇప్పుడు ఒక పద్ధతి పెట్టుకున్నాం. డిసెంబరు చివరి వారంలో అందరం చేరిన రాత్రి, ఒక్కొక్కరూ ఇంకొకరి కోసం ఒక పాట ఎంచి తేవాలి, తన కోసం కాదు. ఎందుకు ఎంచారో రెండు ముక్కలు చెప్పి పెట్టాలి. మా ఆడపడుచు కూతురు, ఇంటర్ చదువుతున్న పిల్ల, వాళ్ల తాతయ్య కోసం ద్వారం వెంకటస్వామి నాయుడి వయొలిన్ వెతికి పెట్టింది. విజయనగరం కాలేజీలో చదువుకునే రోజుల్లో ఆ పేరు వినని రోజు ఉండేది కాదని ఆయన ఎప్పుడో అన్న మాట అది గుర్తుపెట్టుకుంది. మా మావయ్యగారు కండువాతో కళ్లు తుడుచుకున్నారు. తర్వాత గంట సేపు విజయనగరం కబుర్లు, అవి అప్పటిదాకా మాలో ఎవరికీ తెలియనివి. రూపాయి ఖర్చు లేదు. ఆ రాత్రి అంతకంటే గొప్ప కానుక ఎవరూ ఇవ్వలేదని మా ఇంట్లో అందరూ ఒప్పుకున్నారు.

వస్తువుగా ఇవ్వాలంటే మాత్రం మన చుట్టూ ఉన్నవి చాలు. విజయనగరం జిల్లా బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో సర్వసిద్ధి వాళ్ల కుటుంబాలు తరతరాలుగా వీణలు చేస్తున్నాయి, పనస కర్రతో, ఒకే మొద్దులోంచి తొలిచి. పెద్ద వీణ అందరికీ కుదరదు, కానీ బల్ల మీద పెట్టుకునే బుల్లి వీణలు కూడా వాళ్లే చేస్తారు. సంగీతం నేర్చుకునే పిల్లకి అది ఇచ్చి చూడండి. పసిపిల్లలకి ఏటికొప్పాక బొంగరాలు, గిలకలు, అంకుడు కర్రతో చేసి లక్కతో రంగులద్దినవి. ఆ రంగుల్ని గింజలూ బెరళ్లూ వేళ్ల నుంచి తీస్తారు, పిల్లలు నోట్లో పెట్టుకున్నా భయం ఉండదు. టీచరుగారికి పోయినసారి నరసాపురం లేసు బల్లగుడ్డ ఇచ్చాను, ఆవిడ హార్మోనియం మీద కప్పుకున్నారు. ఆత్రేయపురం పూతరేకుల్లో ఇప్పుడు చాక్లెట్ వేసినవీ వస్తున్నాయి. నాకు బెల్లం, నెయ్యివే ఇష్టం, పిల్లలు మాత్రం వాటి మీదే పడతారు.

షుగర్ ఉన్నవాళ్ల ఇంటికి స్వీట్ డబ్బా పట్టుకెళ్లడం నాకు నచ్చదు. వాళ్లు వద్దనలేరు, తినలేరు. మంగళగిరి తువ్వాలో, పంచో, నచ్చిన పాటలు ఎక్కించిన పెన్‌డ్రైవో ఇవ్వండి. మా పెద్దమ్మకి చూపు తగ్గింది, ఫోన్ నొక్కడం కష్టం. ఆవిడకి ఇష్టమైన భజనలు, నాటకాల పద్యాలు, మధ్యమధ్యలో మనవల గొంతులు రికార్డు చేసి, ఒక్క బటన్ నొక్కితే మోగే చిన్న స్పీకర్లో పెట్టిచ్చాం. మధ్యాహ్నం పడుకునే ముందు రోజూ అదే. మా ఇంట్లో పని చేసే లక్ష్మిగారిని అయితే ఏం కావాలో ముందే అడుగుతాను. ఆవిడ పోయినసారి కూతురికి స్కూల్ బ్యాగు అడిగింది, బ్యాగుతో పాటు ఒక చాక్లెట్ పెట్టాను. అవసరం తీర్చేది ఒకటి, ముచ్చట తీర్చేది ఒకటి, రెండూ కలిస్తేనే నాకు తృప్తి. ఏదిచ్చినా చేత్తో నాలుగు వాక్యాలు రాసి పెట్టండి, ధర చీటీ తీసెయ్యండి.

సంక్రాంతికి అటో ఇటో పుష్య బహుళ పంచమి వస్తుంది, తిరువయ్యారులో త్యాగరాజ ఆరాధన. నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ, ఆ ఐదు రాగాల పంచరత్న కీర్తనలు కావేరి ఒడ్డున అంతమంది ఒకే గొంతుతో పాడుతుంటే, ఆ తమిళ ఊళ్లో చాలావరకు మోగేది మన తెలుగే. అక్కడ త్యాగరాజు సమాధి చుట్టూ గుడి కట్టించింది బెంగుళూరు నాగరత్నమ్మ, తను పాడి సంపాదించుకున్న డబ్బుతో. ఆ ఆరాధనలో ఆడవాళ్లు పాడే హక్కు కోసం పోరాడిందీ ఆవిడే. ప్రతి ఏడాదీ టీవీలో ఆ గోష్ఠి వచ్చేటప్పుడు మా పిల్లలకి ఈ సంగతి చెబుతాను, ఆవిడ ఇచ్చిందే మనం ఇప్పుడు వింటున్నామని.

ఈసారి డల్లస్‌లో ఉన్న మా చెల్లికి పంపే పెట్టె రెడీ చేస్తున్నాను. మంగళగిరి తువ్వాళ్ల మధ్య మా జిల్లా గింజల చాక్లెట్లు, 60 శాతానివి రెండు, 70ది ఒకటి. మా బావగారికి ఒక బుల్లి వీణ, ఆయన ఈ మధ్యే నేర్చుకోవడం మొదలుపెట్టారు. పాటలు మాత్రం పెట్టెలో పెట్టట్లేదు. భోగి రోజు వాళ్లకి రాత్రీ మనకి తెల్లవారుజామూ అవుతుంది కదా, వీడియో కాల్‌లో అందరం కూర్చుని వింటాం, దాని కోసం తను ఏ పాట ఎంచిందో ఇంకా చెప్పట్లేదు.